చెవి కింద పుట్టుమచ్చ

హోటల్, దుప్పట్ల గది
ఫిబ్రవరి 3

ఒరేయ్ పొట్టోడా,

ఆరడుగుల మనిషిని, పైగా యాభై రెండేళ్ళవాణ్ణి, ఇంకా పొట్టోడా అంటానేమిటని మరదలు నవ్వుతుంది. నవ్వనీ. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో నువ్వు "ఊ", "ఆ", "సరే అక్కా, కస్టమర్ వచ్చాడు" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

మా కింది వాటాలో ఉండే సంగీతం టీచరు గారు పోయిన వారం పోయారు. డెబ్బై రెండేళ్ళు, నిద్రలోనే. పోవడం బాగానే పోయారు గానీ ఫొటో దగ్గర వచ్చింది చిక్కు. ఇల్లంతా గాలిస్తే దొరికింది బస్సు పాసు మీది ఫొటో ఒక్కటే. దాన్నే పెద్దది చేయించి బల్ల మీద పెట్టారు. నలభై ఏళ్ళు వందల మందికి పాట నేర్పిన మనిషి, ఆ ఫొటోలో జేబు కొడుతూ దొరికిపోయినట్టు ఉంది. వచ్చినవాళ్ళంతా అది చూసి తల దించుకున్నారు. దుఃఖంతోనో, నవ్వు ఆపుకోలేకో నాకు తెలియలేదు.

అక్కడ కూర్చుంటే నాకు అనిపించింది, రేపు నా సంగతేమిటని. నాకు యాభై ఏడు వచ్చాయి. నావంటూ ఉన్న ఫొటోలు, ఏడాదికోసారి నీ దగ్గరికి వచ్చినప్పుడు హోటల్ గుర్తింపు కార్డు కోసం నువ్వు తీసేవే. వాటిలో నా మొహం ఇస్త్రీ చేసిన దిండు గలీబులా ఉంటుంది. ఒక్క ముడత ఉండదు. అది నేను కాదు.

కాబట్టి నాకో మంచి ఫొటో కావాలి. నేను పోయాక పెట్టేది. పళ్ళన్నీ సొంతవై ఉండగానే తీసెయ్.

చిత్రమేమిటంటే ఆ రోజు నుంచి నాకు దిగులుగా లేదు, హుషారుగా ఉంది. నిన్న దుప్పట్లు మడతపెడుతుంటే ఆ వేడి ఆవిరి వాసన బాగుందే అనిపించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ వాసనంటే నాకు విసుగు. ఈ మాట మా హోటల్ లిఫ్ట్ మెకానిక్ గారితో అన్నాను. ఆయన తెలుసుగా, భార్య పోయినాయన, నాలుగేళ్ళ క్రితం "మనం పెళ్ళి చేసుకుందామా అండీ" అని అడిగితే నేను "చూద్దాం" అన్నాను, ఆయన. నేనింకా చూస్తూనే ఉన్నాను. దుప్పట్ల వాసన మాట విని ఆయన "మీకు జ్వరమేమైనా వచ్చిందా?" అన్నారు.

నీ అక్క

స్టూడియో
ఫిబ్రవరి 9

అక్కా,

శుభమా అని షాపు తెరిచి కూర్చుంటే నీ ఉత్తరం. శుభం పలకరా అంటే ఇంకేదో పలికినవాడి సామెత నీ కోసమే పుట్టింది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది పోయినవాళ్ళ ఫొటోలతోనే వస్తారు. పెళ్ళి గుంపులోంచి తాతగారిని విడదీయాలి, ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంటుంది, ఆ చెయ్యి చెరిపితే భుజం ఉండదు. మొన్న ఒకాయన తండ్రి ఫొటో తెచ్చాడు. నోట్లో ముద్ద. ఆ ముద్ద తీసి నోరు మూయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇవన్నీ పరాయివాళ్ళవి కాబట్టి చేస్తున్నాను. నీది చేయమంటే చెయ్యి ఆడదు.

ఇంకో మాట. ఇస్త్రీ గలీబు అన్నావు చూడు, అది నా పనితనం. నా స్టూలు మీద కూర్చున్న ఎవరైనా లేచేసరికి పదేళ్ళు చిన్నవాళ్ళవ్వాలి. జనం మన షాపుకి వచ్చేది అందుకే.

నువ్వు ఊరుకోవని తెలుసు. సరే. కొత్తది తీయనక్కర్లేదు. నేను దిద్దకముందు ఫొటోలు ఎలా ఉన్నాయో అలాగే అన్నీ కంప్యూటర్లో దాచి ఉంచాను. ఆదివారం తీరిగ్గా తీసి, ముడతలతో సహా నువ్వు నువ్వులా ఉన్నది ఒకటి ఏరి పంపిస్తాను. దాంతో ఈ గొడవ వదిలేయ్.

నీ తమ్ముడు

స్టూడియో
ఫిబ్రవరి 13

అక్కా,

చిన్న పని. నీ ఎడమ చెవి కింద, దవడ వెనక, పుట్టుమచ్చ ఉంది కదా. దాన్ని ఒకసారి చర్మం డాక్టరుకి చూపించు. ఏమీ లేదు. ఫొటోలో లైటు పడితే అక్కడ కొంచెం మెరుస్తోంది, ప్రింటుకి అడ్డం వస్తోంది. ఏదైనా పూత మందు ఇస్తారు.

ఈ వారమే వెళ్ళు. ఏమన్నారో రాయి. రాయొద్దు, ఫోన్ చెయ్యి.

తమ్ముడు

హోటల్, దుప్పట్ల గది
ఫిబ్రవరి 19

పొట్టోడా,

నువ్వు నన్ను ఫోన్ చెయ్యమంటున్నావా! ఇవాళ సూర్యుడు ఏ దిక్కున పొడిచాడో కిటికీ తీసి చూశాను.

ఫొటోకి అడ్డం వస్తోందని డాక్టరు దగ్గరికి పొమ్మనేవాణ్ణి నిన్నే చూశాను. నీకంత కష్టమేమొచ్చింది, చెరిపెయ్. ముడతలే మాయం చేసేవాడివి, మచ్చ ఒక లెక్కా? అది నేను పుట్టినప్పటి నుంచీ ఉంది. అమ్మ దాన్ని చూసి అదృష్టం అనేది. ఆ అదృష్టం యాభై ఏడేళ్ళుగా దారిలోనే ఉంది.

నాకిప్పుడు ఊపిరి సలపడం లేదు. మూడో అంతస్తు గదులన్నిటికీ కొత్త దుప్పట్లు వచ్చాయి. ప్రతిదాని మూలన గది గుర్తు కుట్టాలి. కుట్టు మిషను ఒకటే, అదీ నాలాగే మూలుగుతోంది. వేసవిలో సెలవు పెట్టినప్పుడు చూద్దాంలే.

కానీ ఒరేయ్, నీ ఉత్తరంలో "ఏమీ లేదు" అన్న మాట నాకు నచ్చలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నేను దొంగ అనకముందే తడుముకుంటున్నావు. నీళ్ళు నమలకుండా అసలు సంగతి రాయి.

అక్క

స్టూడియో
ఫిబ్రవరి 24

అక్కా,

నిన్న ఫోన్లో "సరే, రేపే వెళ్తాను, నువ్వు ముందు ఏడుపు ఆపు" అన్నావు. ఎందుకు ఏడ్చానో ఫోన్లో చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఆదివారం గడిచిన ఆరేళ్ళలో తీసిన నీ ఫొటోలూ, నేను దిద్దకముందువి, ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. ప్రతి ఏడూ అదే స్టూలు, అదే లైటు, నీ మొహం ఒకే వైపు కొంచెం తిప్పి. మొదటిదాంట్లో ఆ మచ్చ ఆవగింజంత ఉంది. మూడోదాంట్లో మిరియమంత. పోయిన ఏడాదిదాంట్లో కందిగింజంత. గుండ్రంగా లేదు, అంచు చిరిగిన కాగితంలా ఉంది. ఒక పక్క నలుపు, ఇంకో పక్క గోధుమ రంగు.

ఆరుసార్లూ దాన్ని నేనే చెరిపాను.

చూడలేదని అబద్ధం చెప్పను. చెరపాలంటే చూడాలి కదా. నీ ఒంటి మీదిదిగా చూడలేదు, ఫొటో మీద మరకగా చూశాను. పోయిన ఏడు "ఈసారి బ్రష్ కాస్త పెద్దది పెట్టాలి" అనుకున్నాను కూడా. ఎందుకు పెద్దది పెట్టాల్సి వచ్చిందో నా బుర్రకి తట్టలేదు. ఒక్క నిమిషం చెయ్యి ఆపి ఆలోచించి ఉంటే నీకు అప్పుడే చెప్పేవాణ్ణి.

మా వీధి చివరి డాక్టరు గారికి ఆ ఫొటోలు చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి, "ఈవిడ ఎక్కడున్నారు? వెంటనే చూపించమనండి" అన్నారు. చర్మ క్యాన్సర్ కావచ్చన్నారు. కావచ్చు అనే అన్నారక్కా. నేను ఇంటికొచ్చి నీకు ఆ మెరుపు కథ రాసి పంపాను. అది తెలిసి నీ మరదలు, "మీ అక్క ప్రాణం కంటే మీ పరువు ఎక్కువైందా?" అంది. నాలుగు రోజులుగా నాతో మాటల్లేవు. వంట గదిలో గిన్నెలే మాట్లాడుతున్నాయి.

నన్ను ఏమైనా అను. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళు.

తమ్ముడు

ఇల్లు, పై వాటా
మార్చి 8

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి, నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. రెండోసారి నా చెయ్యి దానంతటదే చెవి కిందకి పోయింది. నేను మాత్రం ఏం చేశాను? ఈ మెడ నా దగ్గరే ఉంది, అద్దమూ ఉంది. పిల్లలు ఎదగడం ఇంట్లోవాళ్ళకి తెలియదంటారు, అలా అనుకోవాలి. అయినా నీ మీద కోపం పోలేదు. పోయినట్టు రాయలేను.

ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరే. చుట్టూ ఉన్న చర్మమూ, మెడలో ఒకటి రెండు గ్రంథులూ తీసి చూస్తేగానీ పాకిందో లేదో తెలియదట. ఇరవై రెండో తేదీ ఆపరేషన్.

భయంగా ఉంది. ఫిబ్రవరిలో చావు గురించి అంత హుషారుగా రాసింది నేనేనా అనిపిస్తోంది. అప్పుడది కింది వాటాకి వచ్చిన చుట్టం. ఇప్పుడు మెట్లెక్కి మన తలుపు కొట్టింది. రోట్లో తల పెట్టి రోకటి పోటుకి వెరవకూడదంటారు. ఆ సామెత కట్టినవాడి తల ఖచ్చితంగా రోట్లో లేదు.

కోపం సంగతి తర్వాత చూసుకుందాం. నువ్వు రా.

అక్క

స్టూడియో
మార్చి 14

అక్కా,

పిల్లల పరీక్షల రోజులు. హాల్ టికెట్ ఫొటోల కోసం షాపు ముందు వరస కడుతున్నారు. మూసేస్తే బడులవాళ్ళు ఊరుకోరు. నీ మరదలు పంతొమ్మిదో తేదీకి వస్తోంది. నాకంటే తనే బాగా చూసుకుంటుంది. మెత్తటి దిండు ఒకటి పంపిస్తున్నాను. దుప్పట్ల గది అక్కకి దిండు పంపడమేమిటని నవ్వకు.

తమ్ముడు

ఇల్లు, పై వాటా
ఏప్రిల్ 17

పొట్టోడా,

కుట్లు తీశారు. మెడ గ్రంథుల్లోకి పాకలేదట. మంచి కబురు ముందే రాసేశాను, ఇక నింపాదిగా చదువు.

మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలట, రెండేళ్ళపాటు. "మళ్ళీ వస్తుందా డాక్టర్ గారూ?" అని అడిగాను. "రాకపోవచ్చు. వచ్చినా చిన్నగా ఉండగానే పట్టుకుందాం" అన్నారు. "రాదు" అనలేదు. ఆ ఒక్క మాటకి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అంటే ఇప్పుడు నా చేతిలో మూడు నెలలు ఉన్నాయి. తర్వాత ఇంకో మూడు. వినడానికి కొంచెంలాగే ఉంటుంది గానీ, నిజం చెప్పనా, ఇంత సమయం నా దగ్గర ఎప్పుడూ లేదు. ఇంతకుముందు నా రోజులకి హద్దే లేదనుకున్నాను, అందుకే ఏ పనీ మొదలుపెట్టలేదు. ఒక్క ఉదాహరణ చెప్తాను, నవ్వకు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ముక్కూ మొహం తెలియనివాళ్ళకి రోజూ ఉతికిన దుప్పటి పరిపించాను. నేను పడుకునేది మాత్రం హోటల్లో చిరుగులు పట్టి తీసేసిన వాటి మీద. బీరువాలో ఒక మంచి నూలు దుప్పటి ఉంది, నీలం అంచుది. ఎవరైనా వస్తే పరుద్దామని పదకొండేళ్ళుగా దాచాను. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మరదలితో దాన్ని తీయించి నా మంచం మీద వేయించాను. ఇంకెవరొస్తారు, వచ్చేదాన్ని నేనే కదా! పొద్దున ఎనిమిది దాకా లేవలేదు.

ఇంకో సంగతి. ఆపరేషన్ రోజు లిఫ్ట్ మెకానిక్ గారు ఆసుపత్రి వసారాలో పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నారట. కూర్చున్నారంటే నిజంగా కూర్చోలేదు. అక్కడి లిఫ్టు తలుపు సరిగ్గా పడటం లేదని మధ్యలో దాన్ని విప్పి బాగుచేశారు. అక్కడివాళ్ళు తమ మనిషే అనుకుని ఇంకో రెండు లిఫ్టులు చూపించారు. మొన్న పలకరించడానికి వస్తే నేనే అడిగాను, "నాలుగేళ్ళ నాటి మాట ఇంకా చెల్లుతుందా అండీ, మనం పెళ్ళి చేసుకుందామా?" అని. ఆయన చాలాసేపు స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చుని "చూద్దాం" అన్నారు. తర్వాత ఆయన నవ్వాపుకోలేక చేతిలోది కింద పడేశారు. పెళ్ళి చిన్నగా, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో, ఆగస్టులో.

నీ మీద కోపం పోయింది. ఎలా పోయిందో చెప్తాను. మచ్చ చెరిపింది నువ్వే, నిజమే. కానీ చెరపని ఫొటోలు దాచిందీ నువ్వే. ఆరేళ్ళవీ పక్కపక్కన పెట్టి కూర్చున్నదీ నువ్వే. నేను నా చావు గురించి అడగకపోతే నువ్వు వాటిని తీసేవాడివి కాదు, నేను వేసవికి చూద్దాం అనుకుంటూ కూర్చునేదాన్ని. ఇద్దరం కలిసి చేసిన తప్పు, ఇద్దరం కలిసి దిద్దుకున్నాం. ఇక దాన్ని మోయకు.

అంతా బాగుంది, ఒక్కటి తప్ప. నువ్వెందుకు రాలేదు? హాల్ టికెట్లు అని మళ్ళీ రాయకు.

అక్క

స్టూడియో
మే 11

అక్కా,

రెండుసార్లు బ్యాగు సర్దాను. రెండోసారి బస్ స్టాండు దాకా వచ్చి టీ తాగి తిరిగి వెళ్ళాను. ఇది నీ మరదలికి తెలియదు, చెప్పకు.

ఏ మొహం పెట్టుకుని రాను? నువ్వు మోయకు అన్నావు. నీ మనసు పెద్దది కాబట్టి అన్నావు. కానీ వస్తే నీ మెడ మీద ఆ కోత చూడాలి. చూడాల్సినప్పుడు చూడని కళ్ళతో ఇప్పుడు చూడటం నావల్ల కావడం లేదు. నువ్వు మాట్లాడుతుంటే నా చూపు అక్కడికే పోతుంది, అది నీకు తెలుస్తుంది, నువ్వు కొంగు కప్పుకుంటావు.

ఇక్కడ ఒక మార్పు చేశాను. ఎవరి మచ్చా అడగకుండా చెరపడం లేదు. "ఇది ఎప్పటి నుంచి ఉందండీ? పెరుగుతోందా?" అని అడుగుతున్నాను. ఒకావిడ "ఫొటో తీయమంటే జబ్బులు వెతుకుతావేం" అని పోట్లాడి పక్క వీధి స్టూడియోకి వెళ్ళిపోయింది. మర్నాడు తిరిగొచ్చి మెల్లిగా "ఏ డాక్టరుకి చూపించమంటారు?" అంది. మామూలు పుట్టుమచ్చేనట. ఆవిడ కంటే నేనే ఎక్కువ సంతోషించాను.

నీ పెళ్ళి కబురు విని నీ మరదలు సంబరంతో ఇల్లంతా తిరిగింది. నాకూ చాలా సంతోషంగా ఉంది. ఆగస్టులో కుదురుతుందో లేదో, ఏడాది చివర్లో మాత్రం తప్పకుండా వస్తాను.

తమ్ముడు

ఇల్లు, పై వాటా
జూలై 15

పొట్టోడా,

మొదటి మూడు నెలల పరీక్ష అయింది. ఏమీ లేదు. ఈసారి "ఏమీ లేదు" అన్నది డాక్టరు గారు, నువ్వు కాదు, కాబట్టి నమ్మాను.

నీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. కోపంతో కాదు. "ఏడాది చివర్లో" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అది నా పాత మాటే, నీ చేతిరాతలో చూసేసరికి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మార్చిలో ఆ బల్ల మీద నేను పోయి ఉంటే నువ్వేం చేసేవాడివి? షాపు మూసేవాడివి. బడులవాళ్ళు, హాల్ టికెట్లు ఏవీ గుర్తొచ్చేవి కావు. మొదటి బస్సు పట్టుకునేవాడివి, మధ్యలో టీ కూడా తాగకుండా. ఇక్కడ మూడు రోజులు ఉండేవాడివి. నా దుప్పట్లు మడతపెట్టేవాడివి, అదీ తప్పుగా. నా గురించి మంచి మాటలు చెప్పేవాడివి, అందులో సగం నాకే తెలియనివి. చిన్నప్పుడు నిన్ను వీపున వేసుకుని బడికి మోసింది కూడా చెప్పేవాడివి. అందరూ వినేవాళ్ళు, నేను తప్ప.

ఆ మూడు రోజులు నాకు ఇప్పుడే కావాలి. నేను నిజంగా పోయినప్పుడు రాకు. ఏమీ అనుకోను, మాటిస్తున్నాను. అప్పుడు నువ్వొచ్చినా నాకు తెలియదు. ఇప్పుడొస్తే తెలుస్తుంది.

మెడ మీద గీత ఉంది, బెత్తెడు పొడుగున. నేను కొంగు కప్పుకోను. నువ్వు దాన్నే చూస్తూ కూర్చో, కావాలంటే పూటంతా చూడు. ఏడుపొస్తే ఏడువు, ఇస్త్రీ చేసిన చేతిగుడ్డ ఇస్తాను. తిట్టించుకుంటేనే నీకు తేలికవుతుందంటే తిడతాను, నాకేం, వెన్నతో పెట్టిన విద్య. కానీ దూరం నుంచి సిగ్గుపడుతూ కూర్చోకు. నాకు తమ్ముడు ఒక్కడే ఉన్నాడు.

రాయకు. రా.

నీ అక్క

స్టూడియో
జూలై 20

అక్కా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. రేపు పొద్దున ఏడు గంటల బస్సుకి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం నా వెనకాలే వస్తుంది. నీ ఎదురుగా నోరు పెగలకపోతే, దీన్ని పోస్ట్‌మాన్ తెచ్చేదాకా ఓపిక పట్టు.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. స్టూలు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు, నేను లైటు పక్కన నిలబడి చదువుతున్నాను. "అందరూ వినేవాళ్ళు, నేను తప్ప" అన్న చోట ఇక నిలబడలేకపోయాను. ఆయనే లేచి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అక్కా, నువ్వు పోతావేమోనని నేను పడ్డ భయం నీతో ఒక్కసారీ చెప్పలేదు. షాపు, సీజన్ అని రాస్తూ వచ్చాను. చాలా భయపడ్డాను. వచ్చి చెప్తాను. నువ్వు నన్ను బడికి మోసిన సంగతి కూడా నీ ఎదురుగానే చెప్తాను, నువ్వు వింటుండగా.

ఆయన ఫొటో ముగించి పంపేసి, షట్టర్ దించి, దాని మీద కాగితం అంటించాను, "మూడు రోజులు సెలవు" అని. ఇరవై ఆరేళ్ళలో ఈ షాపు ఇలా మూతపడటం ఇదే మొదటిసారి. పక్క షాపు టైలరు గారు అది చూసి, చేతిలో కత్తెరతోనే పరిగెత్తుకొచ్చారు. నా కళ్ళు ఎర్రగా ఉండటం చూసి గొంతు తగ్గించి, "ఎవరండీ పోయింది?" అన్నారు.

"ఎవరూ పోలేదండీ. మా అక్క ఉంది. చూడటానికి వెళ్తున్నాను" అన్నాను.

నీ పొట్టోడు